మెరిస్తే బాగుపడినట్టేనా?

ఇంటి షెడ్డులో పాత కారు పెట్టుకుని తీరిక దొరికినప్పుడల్లా దాన్ని విప్పి బిగించుకునేవాళ్లు మన ఊళ్లలోనూ కనబడుతున్నారు. ఆదివారం పూట ఉలీ రంపం పట్టి చెక్కపని నేర్చుకునేవాళ్లూ పెరిగారు. కొందరికి రెండు పిచ్చులూ ఒకే షెడ్డులో కాపురం. సంతోషం. గోళ్లలో గ్రీజు, జుట్టులో రంపప్పొట్టు ఉన్నవాణ్ణి చూస్తే నాకు సహజంగానే గౌరవం కలుగుతుంది. అయితే వీళ్లతోపాటు ఒక నమ్మకం కూడా గడప దాటి లోపలికి వచ్చి కూర్చుంది. పాతది కొత్తదానిలా మెరిస్తే బాగుపడినట్టేనట! కారైతే ముఖం చూసుకునేంత రంగు, బల్లయితే గాజు పరిచినంత పాలిష్. అంతటితో పని పూర్తి, ఇక ఫోటో తీసుకోవడమే తరువాయి.

ఇది ముమ్మాటికీ తప్పు. పొరపాటున ఎవరో ఒకరిద్దరు పడ్డ తప్పైతే దీనికింత సిరా ఖర్చు పెట్టక్కర్లేదు. యజమాని నమ్ముతున్నాడు, అతనికి పని చేసిపెట్టే మేస్త్రి నమ్ముతున్నాడు, కొనడానికి వచ్చినవాడు నమ్ముతున్నాడు, చూడడానికి వచ్చిన పక్కింటాయనా నమ్ముతున్నాడు. నలుగురూ ఒకే మాట మీద ఉన్నప్పుడు అబద్ధానికి అడ్డేముంది?

ముందు, తర్వాత అంటూ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి మురిసిపోవడం మీరూ చూసే ఉంటారు. ముందు ఫోటోలో దుమ్ము, తర్వాత ఫోటోలో తళుకు. ఈ జంట ఫోటోల్లో కారు అడుగుభాగం చూపించిన మహానుభావుడు మీకెప్పుడైనా తారసపడ్డాడా? బల్లను తిరగేసి కింద చెక్క ఎలా ఉందో చూపించినవాడు? నాకైతే ఇంతవరకు తగల్లేదు. చూపించరు, ఎందుకంటే డబ్బు అక్కడ పెట్టలేదు. పైన పటారం, లోన లొటారం అన్న మాట మన పెద్దవాళ్లు కార్లను చూసి పుట్టించింది కాదు గానీ, కార్లకు సరిపోయినంతగా ఇంకెక్కడా సరిపోదు.

కాకినాడలో మా బావగారికొక అంబాసిడర్ ఉంది. వాళ్ల నాన్నగారి బండి. నాలుగేళ్ల క్రితం ముచ్చటపడి దాన్ని ఒక టింకరింగ్ షెడ్డుకు అప్పగించాడు. మూడు నెలల తర్వాత పాలమీగడ రంగులో ధగధగలాడుతూ ఇంటికొచ్చింది. ఊరంతా వచ్చి చూసింది, బావగారు అందరికీ కాఫీలు ఇప్పించాడు. రెండో వర్షాకాలం వెళ్లాక ఒకరోజు టైరు మార్చడానికి జాకీ పెట్టి తిప్పుతుంటే కారు లేవలేదు. జాకీ మాత్రం లేచింది. డోరు కింద పొడుగ్గా ఉండే రేకుపెట్టెలోకి అప్పడంలోకి వేలు దిగినట్టు దిగిపోయింది. లోపల్నుంచి గుప్పెడు ఎర్రటి పొడి, దాంతోపాటు గులాబీరంగు లప్పం పెళ్లలు, ఇంకా చెప్పమంటే నలిపి కుక్కిన వార్తాపత్రిక ఒకటి రాలాయి. పత్రిక తేదీ చూశాం. బండి షెడ్డులో ఉన్న నెలదే.

పాఠకులే తీర్పరులు. ఆ కారు బాగుపడిందా, పాడైందా?

పాడైందనే అంటాను. అంతకుముందు తుప్పు కంటికి కనబడేది. కనబడేది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసేవారు. ఇప్పుడది ముసుగేసుకుంది. ముసుగు చాటున ఇంకా హాయిగా తినేసింది. తుప్పుకు కావలసినవి మూడే: ఇనుము, నీరు, గాలి. ఉప్పు తోడైతే పండగే, కాకినాడ గాలిలో ఉప్పుకు కరువా? తుప్పు పట్టిన రేకు మీద లప్పం పెడితే ఈ మూడింటిలో ఒక్కటీ తగ్గదు. కార్లకు వాడే పాలియెస్టర్ లప్పం తేమను పీల్చుకుంటుంది, పీల్చుకుని రేకుకు ఆనించి పెడుతుంది. పైగా తుప్పు తాను తినేసిన ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద పొక్కులు లేస్తాయి. ఆ పొక్కులు చూసి "ఈ పెయింటర్ మంచివాడు కాడు" అని ఇంకో పెయింటర్ని వెతుక్కుంటాడు మనవాడు. జ్వరమొచ్చిందని థర్మామీటరు మార్చుకున్నట్టు!

ఇందులో ఇంకా పెద్ద సంగతి ఉంది. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా చట్రం ఉండదు. అది ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారుకు మన ఉత్తరపారాలో పుట్టిన రూపం. 2014లో ఉత్పత్తి ఆగేదాకా దాని ఎముకల గూడు మారలేదు. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినిదీ ఇదే పద్ధతి. ఈ బండ్లలో రేకులే చట్రం. డోరు కింది పెట్టె, నేలరేకు, స్తంభాలు, పైకప్పు, అన్నీ కలిసి బరువు మోస్తాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వేరు, దానికి కింద విడి చట్రం ఉంది, పై రేకులు బోల్టులు విప్పి తీయవచ్చు. హెరాల్డ్ డోరు కింద చిల్లుపడితే ఆ నష్టం చాలావరకు రూపానికి. అంబాసిడర్‌కు అదే చోట చిల్లుపడితే నష్టం ప్రాణానికి. ఒకే చిల్లు, రెండు వేర్వేరు అర్థాలు. ఈ తేడా తెలియనివాడు స్ప్రే గన్ పట్టుకుని రెండు బండ్లనూ ఒకే చూపుతో చూసి, ఒకే లప్పం పూసి, ఒకే బిల్లు ఇస్తున్నాడు.

"అయ్యా, రంగు లేకపోతే రేకు మరింత తుప్పు పట్టదా? కాపాడేది రంగే కదా?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. రంగు కాపాడుతుంది, కాదనను. ఎప్పుడు? కింద శుభ్రమైన లోహం ఉన్నప్పుడు, దానికి పట్టుకునే ప్రైమర్ ఉన్నప్పుడు, రేకు అటువైపు కూడా ఏదో ఒక పూత ఉన్నప్పుడు. కారు రేకు చాలాచోట్ల లోపలి నుంచి బయటికి తుప్పు పడుతుంది. డోరు అద్దం పక్కనుంచి దిగిన వాన నీరు డోరు అడుగున చేరుతుంది. అక్కడ నీరు పోవడానికి తయారీ నాడే చిన్న రంధ్రాలు పెట్టారు. మట్టి చేరి అవి మూసుకుపోతే డోరు చెరువవుతుంది. వాటిని ఒక పుల్లతో పొడిచి తెరవడానికి అయ్యే ఖర్చెంత? ఏమీ లేదు. రంగు ఖర్చు లక్షల్లో. ఏది కాపాడిందో ఇప్పుడు చెప్పండి, రంగా, పుల్లా? కొందరు పెయింటర్లు ఈ రంధ్రాలను కూడా నున్నగా లప్పంతో పూడ్చేస్తారు. అడిగితే ఫినిషింగ్ అంటారు. నిజమే, డోరు ఫినిష్.

నమ్మడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు. చిన్న అయస్కాంతాన్ని పలుచటి గుడ్డలో చుట్టి కారు చుట్టూ ఆనిస్తూ నడవండి. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది. లప్పం దట్టంగా ఉన్నచోట జారి చేతిలో పడుతుంది. పది రూపాయల అయస్కాంతం లక్షల రూపాయల రంగును బోనెక్కిస్తుంది. మెరుపు మీద అంత నమ్మకమున్నవాళ్లు ఈ ప్రదక్షిణకు ఎందుకు వెనకాడతారో నాకు తెలుసు.

బ్రేకుల సంగతి కూడా చెప్పాలి. మెరిసే పాత కార్ల యజమానులను నేను అడిగే మొదటి ప్రశ్న రంగు గురించి కాదు, చక్రాల దగ్గరుండే రబ్బరు గొట్టాలు ఎప్పుడు మార్చారని. ఎక్కువమంది మొహం తేలేస్తారు. పాతకాలపు అంబాసిడర్లలో, ఫియట్లలో నాలుగు చక్రాల బ్రేకులూ ఒకే ఆయిల్ లైను మీద నడుస్తాయి. ఒక్క చక్రం దగ్గర కారితే నాలుగూ పోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకునే ద్రవం. ఏళ్ల తరబడి మార్చకపోతే లోపలి సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది. విచిత్రమేమిటంటే అదే ఆయిల్ చుక్క బయట రంగు మీద పడితే రంగు ఊడుతుంది, అప్పుడు మాత్రం యజమాని లబోదిబోమంటాడు. లోపల సిలిండర్ తినేస్తే నిద్రపోతాడు, బయట బానెట్ మీద పడితే మేలుకుంటాడు. ఈ బండిలో పిల్లల్ని ఎక్కించుకుని పెళ్లికి వెళతాడు. మెచ్చుకోమంటారా?

ఇక చెక్క దగ్గరికి వద్దాం. ఇక్కడ నేరం ఇంకాస్త మర్యాదగా జరుగుతుంది, అందుకే ఎవరికీ పట్టదు.

తాతగారి టేకు పడక్కుర్చీ అటక మీద దొరుకుతుంది. మనవడికి ప్రేమ పుట్టుకొస్తుంది. ప్రేమ పుట్టగానే చేసే మొదటి పని ఏమిటి? కరెంటు సాండర్ తెచ్చి, గరుకు ఉప్పుకాగితం తగిలించి, కుర్చీని గీకిపారేయడం. చేతులు ఆనించి ఆనించి డెబ్బై ఏళ్లలో ఏర్పడ్డ ఆ నునుపు, గాలీ వెలుతురూ తగిలి తిరిగిన ఆ తేనె రంగు చెక్క పైపొరలోనే ఉంటాయి. ఆ పొర మందం కాగితమంత. పదిహేను నిమిషాల్లో చెత్తబుట్ట పాలవుతుంది. చిత్రికతో మేస్త్రి తీర్చిన అంచులు గుండ్రమైపోతాయి. ఆ తర్వాత దాని మీద పాలియురెథేన్ పూత దట్టిస్తారు. కుర్చీ ప్లాస్టిక్ సంచిలో కట్టిన మిఠాయిలా మెరుస్తుంది. తాతగారు లేచొచ్చి చూస్తే ఇది నా కుర్చీ కాదంటారు, ఆయన మాటే నిజం.

పాత సామాను మీద మన పాలిష్ మేస్త్రులు ఎక్కువగా వేసింది లక్క పాలిష్. లక్కపురుగు ఇచ్చే జిగురును స్పిరిట్‌లో కరిగించి, దూదిని గుడ్డలో మూటకట్టి, పలుచగా పొర మీద పొర రుద్దేవారు. దీని గొప్పతనం మెరుపులో లేదు. గీత పడితే, మచ్చ పడితే, స్పిరిట్ తడిపిన గుడ్డతో తాకగానే పాత పొర కరిగి కొత్త పొరతో కలిసిపోతుంది. అంటే యాభై ఏళ్ల తర్వాత వచ్చేవాడికి కూడా తలుపు తెరిచే ఉంచారు. పాలియురెథేన్ ఒకసారి గట్టిపడితే స్పిరిట్‌కు లొంగదు. అది దెబ్బతిన్న రోజు మళ్లీ మొత్తం గీకాలి, మళ్లీ చెక్క పోవాలి. కీళ్ల దగ్గరా అదే కథ. పూర్వం కుర్చీ కీళ్లకు వాడిన వజ్రం బంక వేడినీళ్లు, ఆవిరి తగిలితే వదులుతుంది, కీలు విప్పి మళ్లీ అతకవచ్చు. ఇప్పటి ఎపాక్సీ పెట్టి బిగిస్తే తర్వాతి మేస్త్రికి మిగిలేది రంపమొక్కటే. వంటింటి గట్టుకు, స్నానాలగది తలుపుకు ఆ కొత్త పూతలు వాడండి, ఎవరు వద్దన్నారు? తాతగారి కుర్చీ స్నానాలగది తలుపా?

మెరిసే పూత వేస్తే చెక్క ఇక కదలదనే మూఢనమ్మకం కూడా ఉంది. చెక్క చచ్చిపోయాక కూడా ఊపిరి తీస్తుంది. వానాకాలంలో తేమ తాగి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. నిలువు పొడవులో ఈ కదలిక లెక్కలోకి రాదు. అడ్డంగానే కదులుతుంది, అందులోనూ మాను వలయాల వెంబడి కదిలేది వలయాలకు అడ్డంగా కదిలేదానికి దాదాపు రెట్టింపు. ఏ పూతా తేమను పూర్తిగా ఆపలేదు, నెమ్మదింపజేస్తుంది అంతే. ఈ చిన్న సంగతి తెలియక ఏం చేస్తున్నారు? బల్ల పైభాగానికి ఐదు పొరల పూత, అడుగున పచ్చి చెక్క. పైవైపు తేమ మెల్లగా కదులుతుంది, అడుగువైపు చకచకా కదులుతుంది. పలక దోసెలా వంకర తిరుగుతుంది. అప్పుడు నెపం కట్టెకోత డిపో మీదికి పోతుంది, పచ్చి కర్ర అంటగట్టాడని. ఒక్కోసారి అదీ నిజమే లెండి. కానీ బాగా ఆరిన కర్రను కూడా వంకర తిప్పగల నేర్పు మన ఔత్సాహికులకు ఉందని నేను హామీ ఇవ్వగలను.

టేకుకు చెదలు పట్టదనే మాట కూడా ఈ వరసలోదే. పట్టనిది టేకు చేవకు. చేవ చుట్టూ ఉండే తెల్లకర్రకు నిక్షేపంగా పడుతుంది. ముదురు రంగు పాలిష్ పడితే చేవ ఏదో తెల్లకర్ర ఏదో కనబడదు, అమ్మేవాడికి కావలసిందీ అదే.

చెక్కా కారూ రెండు వేరు లోకాలు కదా, రెంటినీ ఒకే తాడుతో కడుతున్నానేమిటని మీకు తోచవచ్చు. అవి వేరు లోకాలని ఎవరు చెప్పారు? కారు పుట్టిందే వడ్రంగి చేతుల్లో. గుర్రబ్బండ్లు కట్టినవాళ్లే తొలినాటి కార్ల ఒళ్లు కట్టారు. లోపల చెక్క చట్రం, పైన రేకు తొడుగు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసినవాళ్లుంటారు. అది ఆ తరం బండి. ఆ రోజుల్లో ఇంజనూ చట్రమూ ఒకచోట, ఒళ్లు ఇంకొకచోట తయారయ్యేవి. ఒళ్లు కట్టే కర్మశాలలో వడ్రంగుల మాటే చెల్లుబాటు. ఇప్పటికీ ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో మోర్గాన్ కంపెనీ కారు ఒంటికి లోపల యాష్ చెక్క వాడుతోంది. దాన్ని విని "మోర్గాన్ కారు చట్రమే చెక్క" అని చెప్పుకుతిరిగే పండితులున్నారు. చట్రం లోహమే, చెక్క ఉండేది ఒంటి లోపలి బద్దల్లో. ఇంత చిన్న విషయంలో తప్పులో కాలేసేవాళ్లు పునరుద్ధరణ గురించి ఉపన్యాసాలివ్వడం నా ఓపికకు పరీక్ష.

మెరుపు నమ్మకం ఎంత దూరం తీసుకుపోతుందో చూడాలంటే మోరిస్ మైనర్ ట్రావెలర్‌ను చూడాలి. 1953 నుంచి 1971 దాకా ఇంగ్లండులో తయారైన బండి. మన బేబీ హిందుస్థాన్‌కు చుట్టమే. దాని వెనక సగం బయటికి కనబడే యాష్ చెక్క చట్రం, మధ్యలో అల్యూమినియం పలకలు. చూసినవాళ్లు అది అలంకారమనుకుంటారు. కాదు. వెనక భాగాన్ని నిలబెట్టేది ఆ చెక్కే. బ్రిటన్‌లో వాహనాల వార్షిక తనిఖీలో ఆ చెక్క కుళ్లితే, రేకుబండికి చట్రం తుప్పు పట్టినట్టే లెక్కగట్టి, బండిని తప్పించేసేవారు. యాష్ గట్టి కర్ర, బాగా వంగుతుంది, కానీ తడి నిలిస్తే తొందరగా కుళ్లుతుంది. కిటికీ అద్దాలు జరిగే గాడిలో, అడుగు బద్దల కీళ్లలో నీరు చేరి చెక్క నల్లబడుతుంది. అప్పుడు మెరుపు భక్తుడు ఏం చేస్తాడు? నల్ల మచ్చను గీకి, బ్లీచింగ్ పెట్టి, మీద నాలుగు పొరల వార్నిష్ కొడతాడు. పూత కీళ్ల దగ్గర చెక్క కదిలినచోట సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లిన గీతలోంచి నీరు లోపలికి పోతుంది, మిగతా పూత దాన్ని బయటికి రానివ్వదు. లోపలికి దారి ఉంది, బయటికి దారి లేదు. ఎలుకల బోను ఇలాగే పనిచేస్తుంది. రెండు మూడేళ్లలో మెరిసే చెక్కలోకి స్క్రూడ్రైవర్ దిగబడుతుంది. అదే పని తెలిసినవాడు కుళ్లిన బద్దను విప్పి, కొత్త యాష్ బద్దకు కుసీ బెజ్జం సరిచూసి, బిగించేముందే అన్ని వైపులా పూత తాగించి, గాడిలో నీరు పోయే దారి శుభ్రంచేసి కూర్చోబెడతాడు. ఇక్కడ వడ్రంగం తెలియకపోతే కారు బాగు చేయలేరు, కారు తెలియకపోతే వడ్రంగం పనికిరాదు. స్ప్రే గన్ ఒక్కటి తెలిస్తే మాత్రం రెండూ చెడతాయి.

ఇదంతా దొరల దేశపు విద్య అనుకోకండి. ఎడ్లబండి చక్రం ఏమిటి? ఆకులూ పూటీలూ వడ్రంగివి, చుట్టూ పట్టా కమ్మరిది. పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తే అది బిగుసుకుని చెక్కనంతా ఒక్కటిగా నొక్కిపడుతుంది. మేకు లేదు, బంక లేదు, మెరుపు అసలే లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రులు చెక్కనూ ఇనుమునూ బోల్టులతో జతచేస్తారు, ఒక పలక పోతే ఆ పలకొక్కటే మార్చుకోవచ్చని. వాళ్లూ రంగులు వేస్తారు. నెమళ్లు, తామరపూలు, నిమ్మకాయల బొమ్మలు కూడా వేస్తారు. కానీ బరువు మోసే పని రంగుకు అప్పగించరు. పెద్ద చదువులు చదివి, లక్షలు పోసి, షెడ్డులో ఏసీ పెట్టించుకున్నవాడికి ఈ పాటి ఇంగితం ఎందుకు లోపించింది?

"కొత్తగా కొన్నరోజున అది మెరిసేదే కదా, ఆ రోజుకే తీసుకెళుతున్నాం" అన్నది ఎదుటివాళ్ల చివరి కోట. ఇదీ కూలుతుంది. ఆనాడు ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇప్పటి రెండు పూతల అద్దపు రంగు కాదు. దగ్గరికి వెళ్లి చూస్తే నారింజ తొక్కలా సన్నటి గరుకు ఉండేది, మెరుపు కూడా కాస్త మెత్తగా ఉండేది. మనం ఇప్పటికీ కారు రంగును డూకో అంటాం. అది 1920ల్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన లాకర్ పేరు. ఆ తరహా రంగుకు తనదైన లోతు ఉంది, తనదైన వయసు తీరు ఉంది. ఇప్పటి మెరుపుతో కప్పిన అంబాసిడర్ ఏ రోజూ ఉత్తరపారా గేటు దాటలేదు. మీరు గతానికి తీసుకెళ్లడం లేదు, ఎన్నడూ లేని గతాన్ని కల్పిస్తున్నారు.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. ప్రపంచంలో పాత కార్ల అందాల పోటీలకు పెట్టింది పేరు కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్. దశాబ్దాలపాటు తళతళలకే అక్కడ బహుమతులు. ఆ పెబుల్ బీచ్‌లోనే 2001లో, బాగు చేయకుండా ఉన్నదున్నట్టు కాపాడుకున్న కార్లకంటూ ఒక విభాగం పెట్టారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ట్యూరిన్ చార్టర్‌ను ఆమోదించింది. కట్టడాల పరిరక్షణకు 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్ దానికి స్ఫూర్తి. గుడి గోపురానికి ఏ న్యాయమో పాత కారుకూ అదే న్యాయం. ఉన్నదాన్ని వీలైనంత నిలుపు, తప్పనిసరైతేనే మార్చు, మార్చింది రాసిపెట్టు. మన శిథిలాలయాలకు సిమెంటు పూసి ఎనామిల్ రంగులు కొట్టినప్పుడు ఏడుస్తాం కదా, ఆ ఏడుపు కారు దగ్గరికి వచ్చేసరికి చప్పట్లుగా ఎందుకు మారుతుంది?

మన చట్టం కూడా మెరుపును అడగలేదు. 2021లో కేంద్రం మోటారు వాహనాల నియమాల్లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేకంగా నిబంధనలు చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, చట్రానికీ ఒంటికీ ఇంజనుకూ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అలా ఉంటే నంబరు పలక మీద వి.ఎ. అక్షరాలతో పదేళ్లకు రిజిస్ట్రేషన్ ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పొడిగింపుకు 5,000. ఈ నిబంధనల్లో మెరుపు అన్న మాట వెతకండి, దొరకదు. దొరికేది అసలు రూపం. వాళ్ల తాతగారి ఫియట్‌కు కొత్త జపాను ఇంజను, అల్లాయ్ చక్రాలు, లోహపు రంగు పెట్టించి వింటేజ్ అని చెప్పుకునేవాడు ఏ కౌంటరు ముందు నిలబడతాడు?

"నా కారు, నా డబ్బు, నా ఇష్టం." కాదన్నదెవరు? పూలదండలు గుచ్చుకోండి, పైకప్పు కోసుకోండి. దాన్ని పునరుద్ధరణ అనకండి, అంతే నా పేచీ. షోకు అనండి. తెలుగులో మంచి మాట ఉంది.

నాకు కోపం తెప్పించేది డబ్బు దండగ కాదు, కాలం దండగ. కిరాయి షెడ్డుకు అద్దె ఉంది, కూలీ ఉంది, రేపటికి ఇంకో బండి వస్తుంది. అందుకని వాళ్లు తొందరపడతారు, లప్పం పెడతారు. వాళ్లను నేను సగం క్షమిస్తాను. ఇంటి షెడ్డులో పనిచేసేవాడికి ఈ తొందరేదీ లేదు. ఒక్క డోరు పెట్టెను కోసి, కొలిచి, రేకు వంచి, అతకడానికి ఆరు ఆదివారాలు పట్టినా అడిగేవాడు లేడు. వృత్తివాడికి లేని ఐశ్వర్యం అది. దాన్ని తీసుకెళ్లి బానెట్ మీద రెండువేల నంబరు కాగితంతో రుద్దడానికి ధారపోస్తే ఏమనాలి?

పైగా ఆ మెరుపు కోసం చేసే పనులు షెడ్డుకే ఎసరు పెడతాయి. కారు మీద చల్లే సిలికాన్ పాలిష్ తుంపర పక్కనున్న చెక్క మీద పడితే, ఆ తర్వాత దాని మీద వేసిన పూత చేపకళ్లలా చెదిరి గుంటలు పడుతుంది, ఎంత తుడిచినా వదలదు. గ్రైండరు నిప్పురవ్వ రంపప్పొట్టులో పడితే గంట తర్వాత రాజుకోవచ్చు. అవిశె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేస్తే అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది, పరిచి ఆరబెట్టాలి. చెక్క పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలోనే చేర్చింది. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా గీకకూడదు. గట్టిపడే రెండు డబ్బాల రంగులో ఐసోసయనేట్లు ఉంటాయి, ముక్కుకు రుమాలు కట్టుకుని స్ప్రే చేస్తే ఊపిరితిత్తులకు రుమాలు కట్టినట్టు కాదు. ఇవేవీ ఫోటోలో పడవు. అందుకే ఇవేవీ మాట్లాడుకోరు.

నా షెడ్డులో ఉన్నది పద్మిని. దాని రంగు రెండుచోట్ల వెలిసింది, ఎడమ మడ్‌గార్డు మీద మా నాన్నగారు గేటుకు రాసిన గీత ఇంకా ఉంది. డోరు కింది పెట్టెలు రెండూ నేను కోసి మార్చినవి, వెల్డింగ్ అంత అందంగా లేదు, బలంగా ఉంది. ఏ రేకు ఎప్పుడు మార్చానో డ్యాష్‌బోర్డు అరలో ఒక నోటుపుస్తకం చెబుతుంది. మొన్న సంక్రాంతికి బావగారు వచ్చి దాని చుట్టూ తిరిగి, పెదవి విరిచి, "రంగు ఎప్పుడు వేయిస్తావురా?" అన్నాడు. జవాబు చెప్పలేదు. టార్చిలైటు చేతికిచ్చి, కింద గోనెపట్టా పరిచాను. లాల్చీ నలుగుతుందని కాసేపు గునిశాడు గానీ, పడుకుని కారు కిందికి దూరాడు. చాలాసేపటిదాకా బయటికి రాలేదు. వచ్చాక అడిగిన మొదటి మాట, "ఆ అయస్కాంతం ఎక్కడ దొరుకుతుంది?"